ముందు బ్రేకు, తర్వాతే ఇంజన్



అంబాసిడర్ కారును మనం యాభై ఏళ్లకు పైగా ఒకే రూపంలో చూశాం. గుండ్రటి బానెట్, గుండ్రటి లైట్లు, వెనక ఉబ్బిన డిక్కీ. 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో పుట్టింది. 2014 మే నెలలో అక్కడే ఆగిపోయింది. ఆ మధ్యకాలంలో పైరూపం అంతంతమాత్రంగానే మారింది. మారిందల్లా బానెట్ కింద ఉన్నది. పెట్రోలువీ డీజిల్‌వీ కలిపి కనీసం అయిదు రకాల ఇంజన్లు ఆ చోట కూర్చున్నాయి. అవి కంపెనీవాళ్లు కూర్చోబెట్టినవి. మన ఊళ్ల షెడ్లలో మేస్త్రీలు కూర్చోబెట్టినవాటికి లెక్కే లేదు.

పాత కారులో వేరే ఇంజన్ వేయడం గురించి ఈ పూట మాట్లాడాలని వచ్చాను. చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. ఇంజన్ మార్చాలని మనసు పడ్డవాళ్లు మొదట వెతకవలసింది ఇంజన్ కోసం కాదు. తమ కారు కింద దూరి, ఉన్న బ్రేకులు ఎంతవరకు ఆపగలవో చూసుకోవాలి. ఇంజన్ ఎంత పెద్దది వేయవచ్చో ఆ బ్రేకులే చెబుతాయి. మన దగ్గర ఈ పని ఎప్పుడూ తిరగబడే జరిగింది. ముందు ఇంజన్ దొరుకుతుంది, తర్వాత కారు దానికి సర్దుకోవాలి.

అంబాసిడర్ కథ నుంచే మొదలుపెడతాను. ఆ కారు ఒళ్లు ఇంగ్లండులోని మోరిస్ కంపెనీది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే మోడల్‌ను హిందుస్థాన్ మోటార్స్ ఇక్కడికి తెచ్చుకుంది. తొలి అంబాసిడర్లలో ఉన్నది 1476 సీసీ ఇంజన్. దాని వాల్వులు సిలిండర్ల పక్కన ఉండేవి. అప్పటికే అది పాతబడిన పద్ధతి. ఒకటి రెండేళ్లకే, 1959లో, దాని స్థానంలో 1489 సీసీ ఇంజన్ వచ్చింది. ఇందులో వాల్వులు పైన, హెడ్‌లో ఉంటాయి. ఈ కొత్త ఇంజన్ మూలం మోరిస్ కాదు, ఆస్టిన్. ఇంగ్లండులో ఒకప్పుడు పోటీపడిన ఆ రెండు కంపెనీలూ 1952లో ఒకటయ్యాయి, అలా ఒకరి ఇంజన్ మరొకరి కారులోకి వెళ్లింది. అంటే మనం అంబాసిడర్ అసలు ఇంజన్ అనుకునేది కూడా బయటినుంచి వచ్చి కూర్చున్నదే. పాత కారులో వేరే ఇంజన్ పెట్టడం అపచారం అనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

1980 ప్రాంతంలో అదే 1489 సీసీ కుటుంబం నుంచి డీజిల్ ఇంజన్ వచ్చింది. మన దేశంలో డీజిల్‌తో నడిచిన తొలి కారుగా అంబాసిడర్‌కు పేరు వచ్చింది దీనితోనే. శక్తి చూస్తే 40 హార్స్‌పవర్ కూడా లేదు. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఎదురుగా ఘాట్ రోడ్డు. మొదటి గేరులో మూలుగుతూ ఎక్కేది. అయినా టాక్సీవాళ్లు దాన్ని కళ్లకద్దుకున్నారు, ఎందుకంటే డీజిల్ చవక. పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య ఉన్న ధర తేడాయే ఆ రోజుల్లో ఇంజన్ మార్పిడి అనే వృత్తిని నిలబెట్టింది.

1990ల మొదట్లో వచ్చిన మార్పు మాత్రం వేరే స్థాయిది. జపాన్‌కు చెందిన ఇసుజు కంపెనీ డిజైన్ చేసిన 1817 సీసీ పెట్రోలు ఇంజన్‌ను అంబాసిడర్‌లో పెట్టారు. 75 హార్స్‌పవర్, అయిదు గేర్లు, గేరు లివర్ స్టీరింగు పక్కన కాక కింద, ఫ్లోరు మీద. మధ్యప్రదేశ్‌లో, ఇండోర్ దగ్గర పీఠంపూర్‌లో, ఈ ఇసుజు ఇంజన్ల కోసం హిందుస్థాన్ మోటార్స్ ప్రత్యేకంగా ఫ్యాక్టరీ పెట్టింది. అంతకు ముందే ఆ కంపెనీ తన కాంటెసా కారులో ఈ ఇంజన్ వాడింది. కాంటెసా ఒళ్లు కూడా ఇంగ్లండుదే, వాక్స్‌హాల్ కంపెనీది. 1984లో అది వచ్చినప్పుడు లోపల ఉన్నది అంబాసిడర్ పాత ఇంజనే. టన్నుకు పైగా బరువున్న అంత పెద్ద కారును 50 హార్స్‌పవర్‌తో లాగించారు. చూడ్డానికి దర్జాగా ఉండేది గానీ కదలమంటే కదిలేది కాదు. ఇసుజు ఇంజన్ పడ్డాకే ఆ కారు తన ఆకారానికి తగ్గట్టు పరుగెత్తింది. తర్వాత 1995 సీసీ ఇసుజు డీజిల్ కూడా వచ్చింది, అంబాసిడర్ టాక్సీలకు అది అండగా నిలిచింది.

కాంటెసా వచ్చిన కాలంలోనే బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ మరో ప్రయోగం చేసింది. 1960లలో ఇటలీలో పుట్టిన ఫియట్ 124 ఒళ్లు తీసుకుని, అందులో జపాన్ నిస్సాన్ వారి 1171 సీసీ ఇంజన్ వేసి, 118 ఎన్ఈ అనే పేరుతో అమ్మింది. ఇంజనుతోపాటు నిస్సాన్ గేర్‌బాక్స్ కూడా తెచ్చుకున్నారు. నా దృష్టిలో అదే వాళ్లు చేసిన మంచి పని. ఇంజన్ ఒకరిది, గేర్‌బాక్స్ ఇంకొకరిది అయితే మధ్యలో వచ్చే చిక్కులు ఎన్నో. జంటగా పుట్టినవి జంటగానే వచ్చాయి కాబట్టి ఆ కారు నడక మెత్తగా ఉండేది.

మంచి మార్పిడికి ఇవి ఉదాహరణలైతే, చెడిపోయిన మార్పిడికి మద్రాసులోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ, 1985లో స్టాండర్డ్ 2000 అనే కారు తెచ్చింది. దాని ఒళ్లు ఇంగ్లండు రోవర్ ఎస్‌డీ1ది. ఎంతో అందమైన కారు. రోవర్‌వాళ్లు దాన్ని 3500 సీసీ, ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని గీశారు. ఇక్కడ అందులో పెట్టింది స్టాండర్డ్ వాన్‌గార్డ్ అనే పాత కారుది, రెండో ప్రపంచయుద్ధం అయిన కొత్తల్లో తయారైన ఇంజన్. 1991 సీసీ, 83 హార్స్‌పవర్. ఇంజన్ పాతదనేది ఒక్కటే తప్పు కాదు. గాలిని చీల్చుకుపోయేలా గీసిన ఒంటికి, నెమ్మదిగా తిరిగి బరువు లాగడానికి చేసిన ఇంజన్ జోడించారు. కారు వేగం పుంజుకోదు, పెట్రోలు మాత్రం తాగుతుంది. కొన్నవాళ్లు నిరాశపడ్డారు. కొన్నేళ్లకే కార్ల తయారీ ఆగిపోయింది. ఎంతో పేరున్న కంపెనీ, ఎందరో కార్మికుల బతుకు. ఒంటికీ ఇంజనుకూ పొత్తు కుదరకపోతే ఎంత నష్టమో ఆ కారు ముందు నిలబడితే అర్థమవుతుంది.

ఇక మన షెడ్లకు వద్దాం. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపో, 1980లు, 90లలో పెట్రోలు అంబాసిడర్‌ను డీజిల్‌గా మార్పించడం రోజూ జరిగే పని. ఇంజన్ ఎక్కడినుంచి వస్తుంది? కొంత అంబాసిడర్ డీజిలే, దెబ్బతిన్న కార్ల నుంచి. కొంత మటడోర్ వ్యాన్ ఇంజన్. మద్రాసు పుదుపేటలో, ఢిల్లీ మాయాపురిలో పాత ఇంజన్ల గుట్టలు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ లారీలో ఎక్కించుకుని తెచ్చేవాళ్లు. "సార్, మటడోర్ ఇంజనొకటి వచ్చింది, కండిషన్‌లో ఉంది, వేసేద్దామా?" అని మేస్త్రీ కబురు పెట్టడంతో కథ మొదలయ్యేది.

అక్కడినుంచి జరిగే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పనిలో ఉన్న నేర్పును మనవాళ్లు సరిగా గుర్తించలేదు.

మొదట ఫౌండేషన్లు. ఇంజన్ కారు ఛాసిస్ మీద నేరుగా కూర్చోదు, రబ్బరు ఫౌండేషన్ల మీద కూర్చుంటుంది. కొత్త ఇంజనుకు కాళ్లు వేరే చోట ఉంటాయి. కాబట్టి కొత్త బ్రాకెట్లు కోసి వెల్డింగ్ చేయాలి. ఇంజన్ నిటారుగా, మధ్యగీతకు సరిగ్గా ఉండాలి, వెనక వైపు కొంచెం దిగి ఉండాలి. ఇది కాస్త పక్కకు పోయినా ప్రొపెల్లర్ షాఫ్ట్ వంకర కోణంలో తిరిగి, దాని కీళ్లలోని క్రాసులు అరిగిపోతాయి. అరవై దాటగానే కారు అడుగునుంచి గుయ్యిమని మోత వస్తే అది ఇక్కడ జరిగిన తప్పే. డీజిల్ అయితే ఇంకో చిక్కు. అది పెట్రోలు ఇంజన్ కన్నా ఎక్కువ కంపిస్తుంది. పాత ఫౌండేషన్ రబ్బర్లే వేస్తే ఆ కంపనం మొత్తం ఒంటికి పాకి, డాష్‌బోర్డు, తలుపులు, సైలెన్సర్ బ్రాకెట్లు ఒక్కొక్కటిగా వదులవుతాయి.

తర్వాత ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య పొత్తు. ఇక్కడే లేత్ షాపు టర్నర్ పనితనం బయటపడుతుంది. గేర్‌బాక్స్ పాతదే ఉంచాలనుకుంటే రెండింటి మధ్య ఒక దళసరి ప్లేటు వేయాలి. ఒకవైపు కొత్త ఇంజన్ బోల్టు రంధ్రాలు, మరోవైపు పాత గేర్‌బాక్స్ రంధ్రాలు. ఆ ప్లేటులో నడిమి రంధ్రం కేంద్రం వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. క్రాంక్ షాఫ్ట్ కేంద్రం, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కేంద్రం ఒకే గీత మీద ఉంటే క్లచ్ మెత్తగా విడుస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు పక్కకు పోయినా కొన్ని నెలల్లో బేరింగు అరవడం మొదలవుతుంది, క్లచ్ ప్లేటు ఒక వైపే అరుగుతుంది. కంప్యూటర్లు లేవు, గీసిన డ్రాయింగు లేదు. డయల్ గేజ్ పెట్టి, చేత్తో తిప్పుతూ, సూది కదలిక చూస్తూ రాత్రిళ్లు కూర్చుని సరిచేసిన టర్నర్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది పదో తరగతి దాటలేదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో వాళ్లచేత పాఠాలు చెప్పించి ఉండవలసింది అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

గేర్ల లెక్క సంగతి తక్కువమంది పట్టించుకున్నారు. పాత డీజిల్ ఇంజన్ నిమిషానికి 4000 చుట్లకు మించి తిరగడానికి ఇష్టపడదు. పెట్రోలు ఇంజన్ 5000 దాటి తిరుగుతుంది. కారు వెనక హౌసింగులో క్రౌన్ పినియన్ ఉంటుంది కదా, దాని నిష్పత్తి పెట్రోలు ఇంజనుకు తగ్గట్టు పెట్టి ఉంటుంది. ఒక ఉదాహరణ చూడండి. చక్రం ఒక చుట్టు తిరిగితే కారు రెండు మీటర్లు పోతుందనుకుందాం. క్రౌన్ పినియన్ నిష్పత్తి 4.5, టాప్ గేరులో ఇంజన్ ఎన్ని చుట్లో షాఫ్ట్ అన్ని చుట్లు. ఇంజన్ 4000 చుట్లు తిరిగితే చక్రం సుమారు 890 చుట్లు తిరుగుతుంది. అంటే కారు గంటకు 107 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంతకు ఎంతో ముందునుంచే ఇంజన్ గొంతు చించుకుంటుంది. నిష్పత్తి 3.9కి మారిస్తే అదే 4000 చుట్లకు 123 వస్తుంది. పైగా 80లో పోయేటప్పుడు ఇంజన్ నింపాదిగా తిరుగుతుంది, నూనె తక్కువ తాగుతుంది, ఎక్కువకాలం బతుకుతుంది. ఇంజన్ మార్చినా మైలేజ్ రాలేదని బాధపడినవాళ్లలో చాలామందికి లోపం ఇంజన్‌లో లేదు, వెనక హౌసింగులో ఉంది.

రేడియేటర్ గురించి ఒక్క మాట. ఇంజన్‌లో కాలిన ఇంధనంలో దాదాపు మూడో వంతు వేడి నీళ్లలోకే పోతుంది. ఇంజన్ శక్తి ఒకటిన్నర రెట్లయితే ఆ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. మే నెలలో, రామగుండం ఎండలో, ట్రాఫిక్‌లో నిలబడ్డ కారుకు పాత రేడియేటర్ సరిపోదు. హెడ్ గాస్కెట్ పోయాక మార్చేకన్నా ముందే ఒక వరస ఎక్కువ ఉన్న రేడియేటర్ వేయించడం చవక.

ఇప్పుడు అసలు సంగతి, బ్రేకులు. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడితే ఏమీ అనుకోకండి.

పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 50 హార్స్‌పవర్ ఉన్న రోజుల్లో అవి సరిపోయేవి, ఎందుకంటే కారు వేగమే తక్కువ. వేగం పెరిగితే ఆపవలసిన శక్తి అదే పాళ్లలో పెరగదు, వర్గం పాళ్లలో పెరుగుతుంది. గంటకు 60లో పోయే కారును ఆపేటప్పుడు డ్రమ్ములు మింగవలసిన వేడి కన్నా, 90లో పోయే కారును ఆపేటప్పుడు మింగవలసినది రెండుంబావు రెట్లు ఎక్కువ. వేగం ఒకటిన్నర రెట్లు, వేడి రెండుంబావు రెట్లు. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనింగుకు దూరంగా జరుగుతుంది. పెడల్ ఇంకా కిందికి పోతుంది, లైనింగు పట్టు తప్పుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇది జరిగితే చెప్పేదేముంది.

డీజిల్ మార్పిడిలో ఇంతకన్నా ప్రమాదకరమైన చిక్కు ఒకటి ఉంది. పెట్రోలు ఇంజన్ గాలి పీల్చుకునే దారిలో ఒక చిన్న తలుపు ఉంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే అది మూసుకుంటుంది. పిస్టన్లు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. అందువల్ల ఆ తలుపు వెనక వాక్యూమ్ ఏర్పడుతుంది. బ్రేకు బూస్టర్ ఆ వాక్యూమ్ బలంతోనే మన కాలికి సాయం చేస్తుంది. డీజిల్ ఇంజన్లో సాధారణంగా ఆ తలుపు ఉండదు. అది గాలిని ఎప్పుడూ నిండుగా పీల్చుకుంటుంది, శక్తిని హెచ్చుతగ్గులు చేసేది నాజిల్ నుంచి పడే డీజిలే. కాబట్టి బూస్టరుకు కావలసిన వాక్యూమ్ అక్కడ దొరకదు. అందుకని కంపెనీ డీజిల్ కార్లు చాలావాటిలో ఆల్టర్నేటర్ వెనక ఒక వాక్యూమ్ పంపు ఉంటుంది. పాత ఇంజన్ కొనేటప్పుడు, బరువు తగ్గుతుందనో రేటు తగ్గుతుందనో, ఆల్టర్నేటర్ లేకుండా కొంటారు. తర్వాత దొరికిన ఆల్టర్నేటర్ బిగిస్తారు. దానికి పంపు ఉండదు. బూస్టర్ పైపు గాలికి వేలాడుతుంది, లేదా ఒక బోల్టు పెట్టి మూసేస్తారు. కారు బ్రహ్మాండంగా స్టార్ట్ అవుతుంది, పికప్ వచ్చింది అని అందరూ సంబరపడతారు. బ్రేకు మాత్రం రాయిలా ఉంటుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉండాలి. అసలు బూస్టరే లేని పాత కార్లలో ఈ బెడద లేదు, కానీ అక్కడ ముందునుంచీ కాలి బలమే దిక్కు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు, మేస్త్రీ అక్కర్లేదు. ఇంజన్ ఆపేసి, బ్రేకు పెడల్‌ను అయిదారుసార్లు తొక్కండి. పెడల్ గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేయండి. కాలికింద పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకుండా గట్టిగానే ఉంటే ఆ కారును షెడ్డు దాటించకండి.

బరువు సంగతి కూడా ఇందులోనిదే. పాత డీజిల్‌లో గాలిని ఇరవై రెట్లకు అటూ ఇటూగా నొక్కుతారు, పాత పెట్రోలు ఇంజన్లో ఏడెనిమిది రెట్లే. అంత ఒత్తిడికి తట్టుకోవాలి కాబట్టి బ్లాకు దళసరిగా, బరువుగా ఉంటుంది. ఆ బరువంతా ముందు చక్రాల మీదే. అంబాసిడర్‌కు ముందు వైపు టార్షన్ బార్లు ఉంటాయి. వాటిని తిప్పి బిగించి కారు ముందుభాగాన్ని మళ్లీ ఎత్తుకు తేవచ్చు. చాలా షెడ్లలో అంతటితో పని అయిందనుకుంటారు. కానీ బార్‌ను తిప్పితే ఎత్తు పెరుగుతుందే తప్ప దాని గట్టిదనం పెరగదు. గుంటలో పడ్డప్పుడు ముందు చక్రాలు పాత బార్ల మీదే కొత్త బరువు మోస్తాయి. దళసరి బార్లు వేయాలి, షాక్ అబ్సార్బర్లు మార్చాలి.

ఇంజన్ పెంచినవాళ్లు బ్రేకులు కూడా పెంచిన సందర్భం ఒకటి చెప్పాలి. 1961లో ఇంగ్లండులో మినీ కూపర్ వచ్చింది. అప్పటికి మినీ 848 సీసీ చిన్న కారు, జనం రోజూ వాడుకునే చవక కారు. రేసు కార్లు చేసే జాన్ కూపర్ దానికి 997 సీసీ ఇంజన్, 55 హార్స్‌పవర్ ఇవ్వాలన్నాడు. ఆ ఇంజనుతోపాటే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టారు. అప్పట్లో అంత చిన్న కారుకు డిస్క్ బ్రేకులు కొత్త. తర్వాత మాంటే కార్లో ర్యాలీలో మినీ గెలిచింది. ఇంజన్ పేరే జనం గుర్తుపెట్టుకున్నారు గానీ మంచు కొండల మీద ఆ కారును నిలిపింది బ్రేకులూ దాని తేలిక ఒళ్లూ.

మన కుర్రవాళ్లు ఇప్పుడు అంబాసిడర్ కన్నా మారుతి 800 మీద మనసు పడుతున్నారు. 1983 డిసెంబరులో రోడ్డు మీదికి వచ్చిన ఆ చిన్న కారుకు మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. బరువు తక్కువ, రోడ్డు మీద పిల్లిలా పాకుతుంది. దానిలో ఎస్టీమ్ కారు 1298 సీసీ ఇంజన్ వేయాలని చాలామంది ఆశ. రెండూ సుజుకీ కుటుంబమే కాబట్టి ఇది అసాధ్యం కాదు. ఎస్టీమ్ ఇంజన్ మొదట 65 హార్స్‌పవర్, తర్వాత ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు పెట్రోలును ఒత్తిడితో చిమ్మే పద్ధతి) వచ్చాక 85. పాత 800కు ఉన్నది 40కి లోపు. అంటే ఎంపీఎఫ్ఐతో రెట్టింపు పైమాటే.

ఇక్కడ చిక్కు వేరే రకం. 800లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, చక్రాలను తిప్పేది ముందే. ఇంజన్, గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్ట్‌లు అన్నీ ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఉన్న జానెడు చోటులో సర్దుకోవాలి. నాలుగో సిలిండర్ ఎక్కువైతే ఆ మేరకు గేర్‌బాక్స్ పక్కకు జరుగుతుంది, రెండు డ్రైవ్ షాఫ్ట్‌ల పొడవూ మారుతుంది. చక్రాలు 12 అంగుళాలవి, వాటి లోపల పెద్ద డిస్క్ పట్టదు. పెద్ద డిస్క్ కావాలంటే 13 అంగుళాల చక్రాలు, వాటికి తగ్గ హబ్బులు. ఆ ఖర్చు లెక్క వేస్తే ఒక మంచి పాత ఎస్టీమ్ కారే కొనవచ్చు. ఇది నా అభిప్రాయం కాదు, కూడికల లెక్క.

ఎంపీఎఫ్ఐ ఇంజన్ వేసేవాళ్లు పెట్రోలు పైపుల్ని తప్పక మార్చాలి. కార్బురేటర్ ఉన్న కారులో పెట్రోలు ఒత్తిడి చాలా తక్కువ, పావు బార్ ప్రాంతం. ఎంపీఎఫ్ఐలో సుమారు మూడు బార్లు. అంటే పది రెట్లకు పైన. పాతబడిన రబ్బరు పైపు, మామూలు క్లిప్పు ఆ ఒత్తిడికి నిలవవు. వేడి సైలెన్సర్ మీద పెట్రోలు చిమ్మితే క్షణాల్లో మంట. పైపు, క్లిప్పు, ఫిల్టర్, టాంకులో పంపు అన్నీ ఆ ఇంజనుకు తగ్గవే ఉండాలి. వైరింగు, సెన్సర్లు, కంప్యూటర్ కూడా అదే ఇంజనువి, అదే తాళంచెవితో రావాలి, లేకపోతే ఇంజన్ తిరుగుతుంది గానీ అంటుకోదు.

ఇన్ని చెప్పాక, మార్పిడి వద్దనా మీ ఉద్దేశం అని అడగవచ్చు. కాదు. కంపెనీ ఒకసారి నడిచిన దారిలో నడవమంటాను. అంబాసిడర్‌లో ఇసుజు ఇంజన్ కంపెనీయే వేసింది. కాబట్టి ఆ ఇంజనుకు తగ్గ ఫౌండేషన్ బ్రాకెట్లు, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, రేడియేటర్ అన్నీ కొలతలు కుదిరినవి ఉన్నాయి. పాత అంబాసిడర్‌కు శక్తి కావాలంటే అదే మార్గం, తర్వాతి మోడళ్లకు వచ్చిన డిస్క్ బ్రేకులతో సహా. మారుతి జిప్సీ ఉంది, 970 సీసీతో వచ్చి 1996లో 1298 సీసీ అయింది. పాత జిప్సీకి ఆ పెద్ద ఇంజన్ వేస్తే కారు కొత్త మనిషిలా లేస్తుంది, ఎందుకంటే మారుతివాళ్లే ఆ పొత్తు కుదిర్చి ఇచ్చారు. దొరికిన ఇంజన్ కాదు, కుదిరిన ఇంజన్ వేయాలి.

డీజిల్ కోసం మార్పించే కాలం ఎలాగూ పోయింది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక, పెట్రోలు, డీజిల్ ధరలు దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు పాత కారుకు డీజిల్ వేయించినవాళ్లు ఆ ఖర్చును రాబట్టుకోలేరు. అంబాసిడర్ మీద ప్రేమ ఉండి, ఉన్న ఇంజన్ అరిగిపోయి, బోరు కూడా చేయించలేని స్థితికి వస్తే అప్పుడు మార్పిడి న్యాయం.

చట్టం సంగతి చెప్పి ముగిస్తాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి మార్పులకు నిబంధనలకు లోబడిన కిట్లతో అనుమతి ఉంది. ఇంజన్ మార్చేవాళ్లు ముందుగా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, ఏ ఇంజన్ వేస్తున్నారో దరఖాస్తులో రాసి, అనుమతి తీసుకున్నాకే షెడ్డుకు వెళ్లాలి. పని అయ్యాక 14 రోజుల్లోగా తెలియజేసి, కొత్త ఇంజన్ నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కాలి కాబట్టి, పాత ఇంజన్ కొనేటప్పుడు, అది ఏ కారుదో చెప్పే కాగితాలు, అమ్మినవాళ్ల రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి. దొంగ కారులోంచి తీసిన ఇంజన్ నంబరు మీ ఆర్‌సీలోకి ఎక్కితే పోలీసులు మీ గుమ్మానికే వస్తారు.

50 ఏళ్లు దాటిన అంబాసిడర్‌గానీ ఫియట్‌గానీ ఇంట్లో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన కార్లకు వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కానీ ఛాసిస్, ఒళ్లు, ఇంజన్ అసలు రూపంలో ఉండాలన్నది షరతు. అలాంటి కారులో ఇసుజు ఇంజన్ వేస్తే ఆ గుర్తింపు దక్కదు. పాత ఇంజన్‌ను బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించి, అలాగే ఉంచండి. ఒకవేళ ఇప్పటికే తీసేసి ఉంటే, ఆ పాత ఇంజన్‌ను పాత ఇనుము కొనేవాళ్లకు మాత్రం అమ్మకండి. నూనె రాసి, గుడ్డ చుట్టి, తడి తగలని మూల పెట్టించండి.

మార్పిడి అయిపోయి ఆర్‌సీ చేతికి వచ్చినవాళ్లకు మిగిలింది ఇన్సూరెన్స్. పాలసీలో పాత ఇంజన్ నంబరే ఉంటే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్‌కు చిక్కు వస్తుంది. కొత్త ఆర్‌సీ నకలు జతపరిచి ఉత్తరం ఇచ్చి, సవరణ చేసిన పాలసీ కాగితం తీసుకున్నాకే కారును హైవే ఎక్కించండి.